మాట ఎవరితో తిరుగుతుందో చూడు

హైదరాబాద్,
ఆదివారం

చి. హారికకు,



నువ్వు వాట్సాప్‌లో పంపిన నోట్‌బుక్ పేజీలు చూశాను. ఎడమపక్క ఇంగ్లీషు మాట, కుడిపక్క తెలుగు అర్థం, మధ్యలో స్కేలు పెట్టి గీసిన ఎర్రగీత. అబేస్, అబాష్, అబేట్, అబెట్, అబేయన్స్... రోజుకు యాభై చొప్పున 3,500 మాటలూ పూర్తిచేసి, అప్పుడు జీఆర్ఈకి స్లాట్ బుక్ చేస్తానన్నావు. నీ శ్రద్ధకు వంక పెట్టను. పద్ధతికి మాత్రం పెడతాను. ఫోన్లో చెబితే "సరే పిన్నీ, సరే పిన్నీ" అంటావు, పెట్టేశాక మళ్లీ ఎర్రగీత గీస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువు. కోపం వస్తే పక్కన పడేసి మర్నాడు చదువు.

ముందు ఆ లిస్టు పుట్టుపూర్వోత్తరాలు చెప్తాను. 2011 ఆగస్టు దాకా జీఆర్ఈలో యాంటనిమ్స్ అని ఒక రకం ప్రశ్నలుండేవి. వాక్యం ఉండదు, సందర్భం ఉండదు. ఒక మాట ఇచ్చి, దానికి వ్యతిరేకార్థం ఉన్నదాన్ని పట్టుకోమనేవారు. దాని పక్కనే అనాలజీలు. మాట తెలిస్తే మార్కు, తెలియకపోతే గుండుసున్న. అలాంటి పరీక్షకు బారన్స్ పుస్తకంలోని 3,500 మాటల పట్టిక నిజంగానే అక్కరకొచ్చింది. కోఠీలో సెకండ్‌హ్యాండ్ కాపీ కొని, అదీ దొరక్కపోతే జిరాక్స్ తీయించి, మీ మామయ్య ఈడువాళ్లు సిటీ బస్సుల్లో నిలబడి బట్టీ పట్టేవారు. 2011లో పరీక్ష మార్చినప్పుడు ఆ రెండు రకాల ప్రశ్నలనూ ఎత్తేశారు. 200 నుంచి 800 దాకా ఉండే స్కోరు పోయి 130 నుంచి 170 అయింది. పరీక్ష మారింది, లిస్టు మాత్రం చావలేదు. జిరాక్స్ కాస్తా పీడీఎఫ్ అయింది, పీడీఎఫ్ కాస్తా యాప్ అయింది, తిరిగి తిరిగి కాకినాడలో నీ టేబుల్ మీదికి వచ్చింది.

2023 సెప్టెంబరు నుంచి పరీక్షను ఇంకా కుదించారు. మొత్తం కలిపి రెండు గంటలకు రెండు నిమిషాలు తక్కువ. వెర్బల్‌లో 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. అందులో దాదాపు సగం పాసేజీ చదివి జవాబు చెప్పేవి. మిగతావి వాక్యాల్లో ఖాళీలు పూరించేవి. ఒంటరి మాట ఎక్కడా ఎదురుపడదు. నువ్వేమో ఒంటరి మాటలు తప్ప ఇంకేమీ నేర్చుకోవడం లేదు.

నీ నోట్‌బుక్కులోంచే చూపిస్తాను. 'అలీవియేట్' దగ్గర 'తగ్గించు' అని రాశావు. 'అపీజ్' దగ్గర 'శాంతింపజేయు'. 'అస్వేజ్' దగ్గర 'శాంతింపజేయు, తగ్గించు'. ఇదే తీరుగా వెళితే 'మిటిగేట్' దగ్గర 'తగ్గించు', 'మోలిఫై', 'ప్లకేట్' దగ్గర 'శాంతింపజేయు' అని రాస్తావు. ఆరు మాటలు, రెండు అర్థాలు. వేరు వేరు పేజీల్లో ఉంటాయి గనక నీకు ఇబ్బంది కనిపించదు. పరీక్షలో ఇందులో మూడు ఒకే ప్రశ్న కింద ఆప్షన్లుగా వచ్చాయనుకో, నీ కుడిపక్క కాలమ్ చేతులెత్తేస్తుంది.

అసలు సంగతి ఇది. 'మిటిగేట్' చేసేది నష్టాన్ని, ముప్పును, తీవ్రతను. వరదల మీద, వాతావరణ మార్పుల మీద ఏ వ్యాసం తీసినా ఈ మాట కనిపిస్తుంది. 'అలీవియేట్' చేసేది నొప్పిని, బాధను, పేదరికాన్ని, ఒక్కోసారి ట్రాఫిక్ రద్దీని కూడా. జబ్బు అలాగే ఉండొచ్చు, మనిషికి కాస్త ఉపశమనం దొరుకుతుంది. 'అస్వేజ్' ఎక్కువగా మనసులో ఉండేవాటి జోలికి వెళ్తుంది: తప్పు చేశానన్న బాధ, భయం, అనుమానం. ఆకలికి కూడా వాడతారు. 'మోలిఫై', 'ప్లకేట్' అనాలంటే సాధారణంగా ఎదురుగా కోపంతో ఉన్న మనిషి ఉండాలి. ఇక 'అపీజ్' అంటే శాంతింపజేయడమే, కానీ అడిగింది చేతిలో పెట్టేసి. 1938లో మ్యూనిక్‌లో, చెకొస్లొవేకియాకు చెందిన సుడెటెన్‌ల్యాండ్‌ను హిట్లర్‌కు వదిలేసి శాంతి తెచ్చామనుకున్న చేంబర్లేన్ విధానానికి చరిత్రలో ఈ పేరే మిగిలింది. అప్పటినుంచి ఆ మాటకు లొంగుబాటు వాసన అంటుకుంది. మన పేపర్లలో 'బుజ్జగింపు రాజకీయాలు' అని హెడ్డింగులు పెడతారు చూడు, అందులో ఉన్నది ఈ మాటే. ఎవరినైనా మెచ్చుకుంటూ 'అపీజ్' అనడం నువ్వెక్కడా చూడవు.

పెళ్లి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి జీతం అడిగి ఊరుకుంటామా? ఎవరితో తిరుగుతాడో కూడా ఆరా తీస్తాం. మాటల విషయంలో ఇదే సంగతిని శాస్త్రంగా చెప్పినాయన జె.ఆర్. ఫర్త్ అనే భాషాశాస్త్రవేత్త. మొదట్లో లాహోరులో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, తర్వాత లండన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. మాట అర్థం దాని సావాసంలో ఉంటుందన్న ఆలోచనను ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. నువ్వు ఆయన పుస్తకాలేవీ చదవక్కర్లేదు. కొత్త మాట కనిపించగానే 'దీని అర్థమేంటి' అని ఒక్కటే అడక్కుండా, 'దీని వెనకాల ఏం వస్తుంది, ముందు ఏం వస్తుంది' అని కూడా అడిగితే చాలు.

దీనికి నిఘంటువు సరైనది ఉండాలి. ఇంట్లో నాన్నగారి శంకరనారాయణ నిఘంటువు ఉంది, దాన్ని తీసిపారేయమని చెప్పను. కానీ అది ఒక మాటకు అయిదారు తెలుగు మాటలు వరసగా ఇచ్చి వదిలేస్తుంది, ఏది ఎక్కడ అతుకుతుందో తేల్చుకోవాల్సింది నువ్వే. లాంగ్‌మన్ వాళ్లు 1978లో తెచ్చిన నిఘంటువులో ఏ మాటకైనా సుమారు 2,000 తేలిక మాటలతోనే అర్థం రాయాలని నియమం పెట్టుకున్నారు. 1987లో వచ్చిన కోబిల్డ్ నిఘంటువు ఇంకో మెట్టు ఎక్కింది. అర్థాన్నే పూర్తి వాక్యంగా రాస్తుంది, అంటే మాట ఎవరితో వస్తుందో అర్థంలోనే తెలిసిపోతుంది. రెండూ ఆన్‌లైన్లో ఉచితంగా చూసుకోవచ్చు. ముందు వాటిలో చూడు, తర్వాత కావాలంటే తెలుగులో చూడు.

తెలుగు వద్దంటున్నానని అనుకోకు. కొన్నిచోట్ల మన తెలుగే ఇంగ్లీషు నిఘంటువు కంటే త్వరగా దారి చూపిస్తుంది. 'ఫ్రూగల్', 'పార్సిమోనియస్', 'మైజర్లీ' అన్నింటి ఎదురుగా నువ్వు 'పిసినారి' అని రాస్తావని నాకు తెలుసు. మన ఇళ్లలో మీ నానమ్మను పొదుపరి అంటాం, ఎదురింటాయన్ని పిసినారి అంటాం. ఇద్దరూ ఖర్చు పెట్టరు. ఒకరిది గుణం, ఇంకొకరిది రోగం. 'ఫ్రూగల్' నానమ్మ, మిగతా రెండూ ఎదురింటాయన. అందుకని ప్రతి మాట పక్కనా ప్లస్సో మైనస్సో పెట్టుకో, ఏదీ కాకపోతే సున్న పెట్టు. అందులోనూ ఒక మెలిక ఉంది. సైన్సు వ్యాసాల్లో ఒక సిద్ధాంతాన్ని 'పార్సిమోనియస్' అంటే అది పొగడ్త. తక్కువ ఊహలతో ఎక్కువ విషయాన్ని వివరించిందని. జీఆర్ఈ పాసేజీలు రాసేవాళ్లకు ఇలాంటి మెలికలంటే భలే ఇష్టం.

"పదో తరగతి దాకా తెలుగు మీడియం, నాకు రావేమో" అని చివర్లో ఒక ముక్క రాశావు. దాని మీద కొంచెం గట్టిగానే చెప్పాలి.

'ప్యూసిలానిమస్' లాంటి మాట కాన్వెంటులో చదివిన పిల్లలకూ ఇంట్లో వినపడదు. వాళ్లమ్మ కూడా "అన్నం తిను" అనే అంటుంది. పెద్ద మాటల దగ్గర నీకూ వాళ్లకూ తేడా దాదాపు లేదు. ఇన్నేళ్లుగా క్లాసులో నేను చూసింది వేరే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మార్కులు పోగొట్టుకునేది చిన్న మాటల దగ్గర. అందరికీ వచ్చనుకునే మాటలు, ఎవరూ లిస్టులో రాసుకోని మాటలు.

'ఎనీథింగ్ బట్ సింపుల్' అన్నారనుకో. 'సింపుల్' కనిపించగానే సులభమని అర్థం చేసుకుంటారు. అది 'ఏమాత్రం సులభం కాదు' అని. 'నథింగ్ బట్' అంటేనే 'అదే తప్ప ఇంకోటి కాదు'. 'హార్డ్‌లీ' చూసి కష్టమని అనుకుంటారు, అది 'లేదన్నట్టే'. ఇవి వాక్యాన్ని బోర్లా తిప్పేసే మాటలు. వీటిని తెలుగు నుడికారంతో జతచేసుకుంటే నీకు ఇక మర్చిపోయే భయం ఉండదు. 'ఫార్ ఫ్రమ్' వచ్చినచోట 'సరికదా' పెట్టి చూడు: ధరలు తగ్గడం సరికదా, పెరిగాయి. 'లెట్ అలోన్' అంటే 'ఇక ఫలానాది చెప్పేదేముంది': చదవడమే రాదు, ఇక రాయడం సంగతి చెప్పేదేముంది. 'ఇఫ్ ఎనీథింగ్' అంటే 'ఏమైనా జరిగిందంటే ఇంకా దిగజారింది' అన్నప్పటి విసురు. 'నాట్‌విత్‌స్టాండింగ్' అంటే 'ఉన్నా సరే'. నీకు ఈ మలుపులన్నీ పుట్టుకతో వచ్చు, తెలుగులో రోజూ వాడుతున్నావు. ఇంగ్లీషులో వాటి పేర్లు తెలియవు, అంతే.

ఒక ప్రశ్న చేసి చూద్దాం. ప్రశ్న ఇంగ్లీషులోనే ఉంటుంది, నీ సౌకర్యం కోసం వాక్యాన్ని తెలుగులో రాస్తున్నాను: 'వ్యాసాల్లో పేజీలకు పేజీలు పారించే ఆ రచయిత, ఎదురుగా కూర్చుంటే మాత్రం ఆశ్చర్యం కలిగించేంత ____.' కింద ఆరు ఆప్షన్లు: గారులస్, టాసిటర్న్, ఎరుడైట్, లొక్వేషస్, అఫబుల్, రెటిసెంట్. రెండు ఎంచుకోవాలి, రెండింటితోనూ వాక్యానికి ఒకే అర్థం రావాలి. ఒకటి తప్పినా మార్కు రాదు, సగం మార్కులుండవు.

లిస్టు బట్టీ పట్టిన పిల్లాడు ఏం చేస్తాడో చెప్తాను. ఆరింటి మీదా కళ్లు పరిగెత్తిస్తాడు. గారులస్, లొక్వేషస్ రెండూ 'వాగుడుకాయ' కదా, జంట దొరికిందని సంబరంగా టిక్ పెట్టేస్తాడు. టాసిటర్న్, రెటిసెంట్ కూడా ఒక జంటే. ఆప్షన్లలో రెండు జంటలు పెట్టారు, కావాలనే. ఏ జంటో తేల్చేది 'మాత్రం' అన్న చిన్న మాట, 'ఆశ్చర్యం కలిగించేంత' అన్న ఇంకో మాట. ఎరుడైట్ అంటే పండితుడు, అఫబుల్ అంటే కలుపుగోలు మనిషి. అవి ఖాళీలో పెట్టినా వాక్యం బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ వాటికి తోడు లేదు.

అందుకని ఆప్షన్లను చేత్తో మూసెయ్. వాక్యం చదివి, ఖాళీలో నీకు తోచిన మాట పెట్టు. తెలుగు మాటే పెట్టు, తప్పులేదు. 'మితభాషి' అని తడుతుంది. అప్పుడు చెయ్యి తీసి, మితభాషికి దగ్గరగా ఎవరున్నారో వెతుకు. ఈ ఒక్క అలవాటు వెయ్యి మాటల బట్టీతో సమానం అంటే నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌వాళ్లకు నచ్చదు, వాళ్లు లిస్టు అమ్ముకుంటున్నారు గనక.

చిన్న మాటల తర్వాత మధ్యరకం మాటలు. 2000 సంవత్సరంలో ఏవరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ, యూనివర్సిటీ స్థాయి రాతలు గుట్టలుగా పోగేసి, అన్ని సబ్జెక్టుల్లోనూ మళ్లీ మళ్లీ వచ్చే 570 మాటల కుటుంబాలను ఏరింది. ఆ 570తోనే అకడమిక్ రాతల్లో దాదాపు పదో వంతు నిండిపోతుంది. ఇంప్లిసిట్, అట్రిబ్యూట్, యాంబిగ్యుయస్, కన్‌స్ట్రెయిన్, అడ్వొకేట్ లాంటివి. ఇందాకటి 'నాట్‌విత్‌స్టాండింగ్' కూడా అందులోనే ఉంది. ఇందులో సగం నీకు ఇంజనీరింగ్ పుస్తకాల్లో తగిలే ఉంటాయి. 3,500 కన్నా ముందు ఇవి చూసుకో. అమెరికా వెళ్లాక రీసెర్చ్ పేపరు చదవాలన్నా ఇవే కావాలి. 'ప్యూసిలానిమస్' అక్కడ ఎవరూ అడగరు.

వీటికంటే మోసం చేసేవి తెలిసిన మొహాలు. 'శాంక్షన్' అంటే నీకు లోన్ శాంక్షన్ అవడం తెలుసు. టీవీలో రష్యా మీద శాంక్షన్లు అంటే అక్కడ ఆంక్షలు. ఒకే మాట, ఒకచోట అనుమతి, ఇంకోచోట శిక్ష. 'క్వాలిఫై' అంటే ఎంసెట్‌లో క్వాలిఫై అవడం మనకు. పాసేజీలో ఒక పండితుడు తన మాటను 'క్వాలిఫై' చేశాడంటే, దానికి షరతు తగిలించి పరిధి తగ్గించాడని. 'చెక్' అంటే సరిచూడటం ఒక్కటే కాదు, అడ్డుకోవడం కూడా. 'అక్రమ ఇసుక రవాణాకు చెక్' అని మన విలేకరులు రాస్తారు చూశావా, సరిగ్గా ఆ అర్థమే. 'పెడెస్ట్రియన్' పాదచారే గానీ, ఒక నవలను అలా అన్నారంటే చప్పగా ఉందని. 'బెట్రే' అంటే ద్రోహమే గానీ, మొహం భయాన్ని 'బెట్రే' చేసిందంటే దాచుకున్నది బయటపడిందని. తెలియని మాట ఎదురైతే కనీసం జాగ్రత్త పడతావు. ఇలాంటివాటి ముందు నిద్రపోతావు.

ఇక ధాతువులు. నార్మన్ లూయిస్ రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' నీ దగ్గరుందని అమ్మ చెప్పింది. 1949 నాటి పుస్తకం, కొన్నిచోట్ల పాతవాసన కొడుతుంది, అయినా మంచి పుస్తకమే. ఒక లాటిన్ ధాతువు పట్టుకుని దాని పిల్లల్ని వరసగా చూపిస్తాడు. దీంట్లో నీకు ఒక లాభం ఉంది, చాలామంది వాడుకోరు. తెలుగు ద్రావిడ భాష అని 1816లో మద్రాసులో ఎల్లిస్ తేల్చి చెప్పాడు, నిజమే. కానీ మనం సంస్కృతం నుంచి మాటలు బస్తాలకొద్దీ తెచ్చుకున్నాం. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఒకే మూలం ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అన్నాడు. అందుకే మన దంతంలో 'డెంటల్' ఉంది, నామంలో 'నామినల్' ఉంది, నవ్యంలో 'నోవిస్', 'ఇన్నొవేట్' ఉన్నాయి. మరణం తెలిస్తే 'మోరిబండ్' అంటే కొనప్రాణంతో ఉన్నదని తెలిసిపోతుంది. జ్ఞానం తెలిస్తే 'కాగ్నిషన్' కొత్త కాదు. ఇలాంటివి తగిలినప్పుడు సంతోషంగా రాసుకో. కానీ మాట రూపం చూసి అర్థం ఊహించే అలవాటు మాత్రం వద్దు. 'ఎనర్వేట్' చూస్తే ఎనర్జీ వచ్చేలా ఉంటుంది, అర్థం నీరసపరచడం. 'రెస్టివ్' అంటే విశ్రాంతి కాదు, కుదురులేకపోవడం. 'నాయిసమ్'లో నాయిస్ లేదు, కంపు ఉంది.

అక్షరక్రమంలో నేర్చుకోవడం ఎందుకు దండగో కూడా చెప్పేస్తాను. జీఆర్ఈకి చదివిన ఎవర్నైనా అడిగి చూడు, 'ఏ' అక్షరం మాటలు గుక్కతిప్పుకోకుండా చెప్తారు, 'సి' దగ్గర సెమిస్టర్ పరీక్షలొస్తాయి, అక్కడ ఆగుతుంది. పైగా అబేట్, అబెట్ పక్కపక్కనే కూర్చుని జీవితాంతం కలిసిపోతాయి. మన పాతకాలపు చదువులో అమరకోశం వల్లె వేయించేవారు. దానికి అక్షరక్రమం లేదు, భావాల క్రమం ఉంది. స్వర్గం, దేవతలతో మొదలుపెట్టి ఒక్కో వస్తువుకున్న పేర్లన్నీ ఒకచోట గుదిగుచ్చుతుంది. ఇంగ్లీషులో అలాంటి పని చేసి 1852లో థెసారస్ అచ్చువేసిన పీటర్ మార్క్ రోజెట్, తనకంటే ముందు ఇలాంటి ప్రయత్నం చేసినవారిలో మొదటి పేరుగా అమరసింహుణ్ణి తన ముందుమాట అధోసూచికలో రాసుకున్నాడు. కోల్‌బ్రూక్ చేసిన అనువాదం 1808లో సీరాంపూరులో అచ్చయింది, ఆయన చూసింది అదే. అమూర్త భావాల దగ్గర వర్గీకరణ గందరగోళంగా ఉందని సణిగాడు కూడా, అది వేరే సంగతి. 

భావాల క్రమం మంచిదన్నాను కదా అని, ఇందాకటి ఆరు మాటలూ ఒకే రోజు నేర్చుకోకు. అర్థాలు దగ్గరగా ఉన్న కొత్త మాటలన్నీ ఒకేసారి నేర్చుకుంటే ఒకదానికొకటి అడ్డుపడి ఆలస్యమవుతుందని థామస్ టింకమ్ 1993లో ప్రయోగం చేసి చూపించాడు. నా క్లాసులోనూ అదే చూస్తున్నాను. ముందు 'మిటిగేట్' ఒక్కటీ గట్టిపడనీ. రెండు వారాల తర్వాత 'అలీవియేట్' తగిలినప్పుడు దాని పక్కన కూర్చోబెట్టు.

నోట్‌బుక్ ఆపేసి కార్డులు మొదలుపెట్టు. కొనక్కర్లేదు, ఇంట్లో పాత శుభలేఖలు కట్టలుగా ఉంటాయి, వెనకవైపు ఖాళీగా ఉన్నవి ముక్కలుగా కత్తిరించు. ఒకవైపు మాట. రెండోవైపు నీకు అది ఎదురైన వాక్యం, దానితో తిరిగే రెండు మాటలు, ప్లస్సో మైనస్సో, ఆఖర్న తెలుగు. వాక్యం నువ్వు నిజంగా చదివిందై ఉండాలి, నిఘంటువులో ఉదాహరణ కాదు. ఒక చెప్పుల డబ్బాలో అరలు చేసుకో. గుర్తొచ్చిన కార్డు వెనక అరలోకి, రానిది మొదటి అరలోకి. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి తియ్యి. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో చెప్పిన పద్ధతి ఇది. ఫోన్లో అంకీ యాప్ చేసేదీ ఇలాంటి పనే. నీకు ఫోన్ తీస్తే రీల్స్ వస్తాయి గనక డబ్బాయే మేలు.

కార్డు తిప్పే ముందు మాత్రం గుర్తు తెచ్చుకోవడానికి పది క్షణాలు పెనుగులాడు. వెంటనే తిప్పి చదువుకుంటే 'ఆ, నాకు తెలుసు' అనిపిస్తుంది, మర్నాటికి పోతుంది. మళ్లీ మళ్లీ చదవడం కంటే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ మిగిలిందని రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో రుజువు చేశారు. రోజుకు యాభై వద్దు. ఎనిమిదో పదో చాలు, పాతవి తిరగేయడానికి కూడా టైం ఉండాలి కదా.

పలికి నేర్చుకో. తెలుగు లిపి మనకు వరం, వినిపించింది వినిపించినట్టు రాసుకోవచ్చు. 'హైపర్‌బోల్' కాదు 'హైపర్బలీ', 'ఎపిటోమ్' కాదు 'ఎపిటమీ', 'సబ్‌టిల్' కాదు 'సటిల్' అని కార్డు మీద రాసెయ్. ఏ అక్షరం మీద ఊనిక పడుతుందో మన లిపి చెప్పదు, ఆ అక్షరం కింద గీత పెట్టుకో.

ఇవన్నీ చెప్పాక కూడా, చదవకపోతే కార్డులన్నీ వృథా. హిందూ ఎడిటోరియల్ రోజూ చదువుతున్నానన్నావు. చదువుతున్నావా, లేక కష్టమైన మాటల కింద గీతలు గీస్తున్నావా? మన ఊళ్లలో బ్యాంకు పరీక్షల వాళ్లూ, గ్రూప్స్ వాళ్లూ అందరూ రెండో పనే చేస్తారు. రేపటినుంచి మొదటిసారి గీత పెట్టకుండా చదివి, ఈయన ఏమంటున్నాడు, దేన్ని ఒప్పుకుంటున్నాడు, ఎక్కడ అడ్డం తిరిగాడు అని తెలుగులో మూడు ముక్కల్లో అమ్మకు చెప్పు. అమ్మకు అర్థమైతే నీకు అర్థమైనట్టు. రెండోసారి చదివేటప్పుడు మాటలు ఏరుకో, రెండో మూడో చాలు. ఎడిటోరియల్ ఒక్కటే చాలదు. చరిత్ర, జీవశాస్త్రం, చిత్రకళ మీద పొడుగు వ్యాసాలు చదవాలి, పాసేజీలు అక్కడినుంచే వస్తాయి. నీకు కంప్యూటర్లు తప్ప ఏదీ నచ్చదని తెలుసు, తప్పదు. పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్లే పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి టెస్టులు ఉచితంగా ఇస్తారు. ఒకటి ఈ వారమే రాసెయ్, ఏమీ రాకపోయినా సరే. రెండోది చివరికి దాచు.

యూనివర్సిటీకి పంపే ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) డ్రాఫ్ట్ కూడా చూశాను. మొదటి పేరాలోనే 'ప్లెథొరా ఆఫ్ ఆపర్చ్యూనిటీస్' అని ఉంది. ఆ మాటకు మూలం వైద్యంలో ఉంది, ఒంట్లో రక్తం మితిమీరడం. ఇప్పుడు 'బోలెడు' అనే అర్థంలో వాడేస్తున్నారు గానీ, దానికి 'అవసరానికి మించి' అన్న నీడ ఇంకా పోలేదు. ఆ యూనివర్సిటీలో అవకాశాలు మితిమీరి ఉన్నాయని వాళ్లకే రాసి పంపుతావా? 'యుటిలైజ్' నాలుగుసార్లు వాడావు, 'యూజ్' సరిపోయేది. నువ్వు పంచాయతీ మోటారుకు సెన్సర్ పెట్టి, ట్యాంకు నిండగానే ఆగేలా చేసిన సంగతి మాత్రం మూడో పేజీలో ఒక్క వాక్యంలో దాచేశావు. దాన్ని ముందుకు తీసుకురా, నీకు రోజూ నోట్లో ఆడే ఇంగ్లీషులో రాయి. కష్టమైన మాటలు గుర్తుపట్టడానికి నేర్చుకుంటున్నావు, వాళ్ల మీద విసరడానికి కాదు. పరీక్షలో అరగంట వ్యాసానికీ ఇదే వర్తిస్తుంది.

రెండో డ్రాఫ్ట్ వచ్చే ఆదివారానికి పంపు. దాంతోపాటు ఓ పది కార్డులు రెండువైపులా ఫొటో తీసి పెట్టు. వాక్యాలు నువ్వు చదివినవో, గూగుల్‌లో ఏరినవో నేను చూడగానే చెప్పేస్తాను. దరఖాస్తు నింపేటప్పుడు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయి. మన ఇంటిపేర్లతో ఎప్పుడూ తిప్పలే. అమ్మకు కాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో రాయలేదు నువ్వు.

ఆశీస్సులతో,
పిన్ని